వెలిగే చుక్కలు – ఒంటి లోపలికి ఒక దారి



మేం ముగ్గురం ఈ నందిపేట్ హాస్టల్లోనే ఉండి పదో తరగతి పాసైన వాళ్ళం. ఇప్పుడు నిజామాబాదులో డిగ్రీ చదువుతున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు కవిత రాయాలా, హాస్టల్ జ్ఞాపకాలు రాయాలా అని కొంతసేపు ఆలోచించాం. చివరికి ఏడాది నుంచి మమ్మల్ని వదలని ఒక ప్రశ్న గురించే రాద్దామనుకున్నాం.

మా ముగ్గురిలో ఒకడి అమ్మకు రొమ్ములో గడ్డ వచ్చింది. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. తీసిన ముక్కను పరీక్షకు పంపితే, దాని అంచు దాకా క్యాన్సర్ కణాలు ఉన్నాయని కొన్ని రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. అంటే లోపల ఇంకా కొన్ని మిగిలి ఉండవచ్చు. ఆమెను మళ్ళీ ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టారు. ఇందులో డాక్టరు తప్పేమీ లేదు. క్యాన్సర్ కణం ఎక్కడ ఆగిందో, మంచి కణం ఎక్కడ మొదలైందో ఎంత చదివిన వాళ్ళ కంటికైనా సరిగా కనిపించదు. ఆస్పత్రి వరండాలో కూర్చొని మావాడు ఒక మాట అన్నాడు: "ఆ మిగిలినవి జర మెరిస్తె డాక్టరుకు అప్పుడే దొరికిపోతుండె గదరా."

ఆ మాట పట్టుకొని చదవడం మొదలుపెట్టాం. కణాలను మెరిపించడం నిజంగానే ఒక శాస్త్రమని తెలిసింది. అందులో ముఖ్యమైన పేరు క్వాంటమ్ డాట్స్. తెలుగులో క్వాంటమ్ చుక్కలు అనుకుందాం.

ముందు మన పసుపుతోనే

తమ్ముళ్ళూ, ఈ ప్రయోగం మీరు కూడా చేయవచ్చు. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో గాయాలు తుడిచే స్పిరిటు పోయండి. రెండింటిలోనూ చిటికెడు పసుపు కలిపి కాసేపు పేరనివ్వండి. గదిలో లైటు తీసేసి, దుకాణాల్లో దొంగనోట్లు పట్టుకునే ఊదారంగు లైటు ఉంటుంది కదా, దాన్ని గ్లాసుల మీద వేయండి. లైటు వైపు సూటిగా చూడొద్దు. స్పిరిటు దగ్గర మంట ఉండొద్దు. పెద్దవాళ్ళు ఎవరైనా పక్కన ఉండాలి.

నీళ్ళ గ్లాసు దాదాపు మామూలుగానే ఉంటుంది. స్పిరిటు గ్లాసు మాత్రం ఆకుపచ్చ కలిసిన పసుపురంగులో వెలుగుతుంది. పుట్టిన దగ్గరనుంచి పసుపు మధ్యలో బతికిన మేం కూడా మొదటిసారి చూసినప్పుడు నోరు తెరిచాం.

పసుపుకు రంగునిచ్చే పదార్థం పేరు కుర్కుమిన్. అది నీళ్ళలో సరిగా కరగదు, స్పిరిటులో కరుగుతుంది. కరిగినప్పుడు, కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని మింగి, కనిపించే కాంతిని బయటకు ఇస్తుంది. ఈ గుణాన్ని ప్రతిదీప్తి అంటారు. దుకాణదారుకు పది రూపాయలు ఇస్తే రెండు ఉంచుకొని ఎనిమిది తిరిగి ఇచ్చినట్టు, పదార్థం ఎక్కువ శక్తి గల కాంతిని తీసుకొని, కొంత వేడిగా ఉంచుకొని, మిగిలిన దాన్ని తక్కువ శక్తి గల కాంతిగా తిరిగి ఇస్తుంది. శక్తి తగ్గితే రంగు మారుతుంది. 500 రూపాయల నోటు మీద నంబర్లు ఆ లైటు కింద మెరిసేదీ, ట్యూబులైటు లోపల పూసిన తెల్లపొడి వెలుగు ఇచ్చేదీ ఈ పద్ధతిలోనే.

వైద్యంలో ఇది పాత విషయమే. కంటి లోపలి రక్తనాళాలు ఎక్కడ పాడయ్యాయో చూడటానికి చేతి నరంలోకి ఫ్లోరిసిన్ అనే పసుపురంగు మందు ఎక్కించి, నీలికాంతి వేసి ఫొటోలు తీస్తారు. ఈ పద్ధతి 1961 నుంచి ఉంది. షుగరు వల్ల చూపు మందగించిన వాళ్ళకు చాలామందికి ఈ పరీక్ష చేస్తారు.

అయితే ఇలాంటి రంగులకు రెండు ఇబ్బందులు ఉన్నాయి. కాంతి పడుతున్న కొద్దీ అవి వెలిసిపోతాయి. ఒకేసారి నాలుగైదు రంగులు వాడితే ఒకదాని వెలుగు మరొకదానిలో కలిసిపోయి, ఏది ఏదో తెలియదు. ఈ రెండింటికీ జవాబుగా వచ్చినవే క్వాంటమ్ చుక్కలు.

ఒకే కంచు, వేరు వేరు మోతలు

క్వాంటమ్ చుక్క అంటే కొన్ని వందల నుంచి కొన్ని వేల పరమాణువులు చేరి ఏర్పడిన బుల్లి స్ఫటికం. వైద్య ప్రయోగాల్లో ఎక్కువగా వాడింది కాడ్మియం సెలినైడ్ అనే పదార్థంతో చేసిన చుక్కలను. వీటి అడ్డుకొలత 2 నుంచి 6 నానోమీటర్లు. మిల్లీమీటరులో పదిలక్షవ వంతు ఒక నానోమీటరు. మన తలవెంట్రుక మందం 80,000 నానోమీటర్లు అనుకుంటే, 5 నానోమీటర్ల చుక్కలను ఆ మందం మీద వరసగా 16,000 పేర్చవచ్చు.

వీటి వింత ఏమిటంటే, పదార్థం మార్చకుండా సైజు మారిస్తే చాలు, రంగు మారుతుంది. అదే కాడ్మియం సెలినైడ్ 2 నానోమీటర్లు ఉంటే నీలం వైపు వెలుగుతుంది. కొంచెం పెద్దదైతే ఆకుపచ్చ, 6 నానోమీటర్లయితే ఎరుపు.

గుడిలో గంటను, ఎడ్ల మెడలోని చిన్న గంటను గుర్తు తెచ్చుకోండి. రెండూ ఒకే కంచుతో పోసినా చిన్నది సన్నగా, పెద్దది గంభీరంగా మోగుతుంది. చుక్కల్లో కూడా అంతే. చుక్క ఎంత చిన్నదైతే దాని లోపల ఎలక్ట్రాన్ కదలడానికి అంత తక్కువ చోటు. చోటు తగ్గితే అది ఇచ్చే కాంతి శక్తి పెరుగుతుంది. శక్తి ఎక్కువైతే నీలం, తక్కువైతే ఎరుపు.

ఇంకో సౌకర్యం ఉంది. అన్ని సైజుల చుక్కలనూ ఒకే ఊదారంగు లైటుతో వెలిగించవచ్చు. ఒక్కో సైజు తన రంగులోనే వెలుగుతుంది. పైగా మామూలు రంగుల్లా తొందరగా వెలిసిపోవు.

ఈ చుక్కలను 1981లో సోవియట్ రష్యాలో అలెక్సీ ఎకిమోవ్ రంగుగాజులో గమనించాడు. 1983లో అమెరికాలో లూయీ బ్రూస్ ద్రవంలో తేలే చుక్కల్లో ఇదే సంగతి చూపాడు. 1993లో మౌంగి బవెండి ఒకే సైజు చుక్కలను కావలసినట్టు తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. ఈ ముగ్గురికీ రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించింది 2023 అక్టోబరు 4న. సరిగ్గా అదే రోజు కేంద్ర ప్రభుత్వం జాతీయ పసుపు బోర్డు ఏర్పాటు చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. నందిపేట్‌లో ఆ రోజు అందరూ బోర్డు గురించే మాట్లాడుకున్నారు. అది 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రంగా మొదలైంది కూడా. నోబెల్ వార్త మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

వెలిగితే చాలదు, చిరునామా కావాలి

1998లో అమెరికాలో రెండు బృందాలు వేరువేరుగా, క్వాంటమ్ చుక్కలను జీవకణాలను గుర్తుపట్టడానికి వాడవచ్చని చూపించాయి. ఆ తర్వాత పని వేగంగా సాగింది. 2002లో కప్ప పిండంలోని ఒక్క కణంలోకి చుక్కలు ఎక్కించి, ఆ కణం విడిపోయి తోకకప్ప అయ్యేదాకా దాని పిల్లకణాలు ఎక్కడెక్కడికి చేరాయో చూశారు. 2003లో రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఉండే హర్-2 అనే ప్రొటీనును చుక్కలతో మెరిపించారు. ఇది చదివిన రోజు మావాడు రాత్రి చాలాసేపు పడుకోలేదు.

చుక్కను ఉన్నదున్నట్టు ఒంట్లోకి పంపితే లాభం లేదు. మామిడికాయలో జీడి, దాని చుట్టూ టెంక, పైన కండ, తొక్క ఉన్నట్టు దీనికీ పొరలు కావాలి. లోపల వెలిగే కాడ్మియం సెలినైడ్. దాని చుట్టూ జింక్ సల్ఫైడ్ పొర. ఇది వెలుగును పెంచుతుంది, లోపలిది బయటకు కారకుండా కాస్త అడ్డుపడుతుంది. ఆపైన నీళ్ళలో కలిసేందుకు ఒక పూత. అన్నిటికన్నా పైన చిరునామా. అంటే, మనకు కావలసిన కణానికే అతుక్కునే ఒక అణువు. చిరునామా లేని చుక్క పోస్టు డబ్బాలో వేసిన ఖాళీ కవరు లాంటిది.

ఆ చిరునామాల్లో ఒకటి మీ అందరికీ తెలుసు. వారానికి ఒకసారి మన చేతిలో పెట్టే నీలిరంగు ఐరన్ మాత్ర ఉంది కదా, అందులో ఐరన్‌తో పాటు ఉండే ఫోలిక్ ఆసిడ్. కణం రెండుగా చీలాలంటే ఈ విటమిన్ కావాలి. తొందర తొందరగా పెరిగే కొన్ని క్యాన్సర్ కణాలు దీన్ని ఎక్కువగా లాక్కోవడానికి తమ ఒంటి మీద ఎన్నో తలుపులు పెట్టుకుంటాయి. వెలిగే చుక్కకు ఫోలిక్ ఆసిడ్ తగిలిస్తే, ఆ కణాలు తిండి అనుకొని చుక్కను లోపలికి తీసుకుంటాయి. 2005లో అమెరికాలోని బఫెలోలో కాడ్మియం లేని ఇండియం ఫాస్ఫైడ్ చుక్కలకు ఫోలిక్ ఆసిడ్ తగిలించి, ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాలను మెరిపించారు.

ఈ ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది ఎవరో తెలుసా? అమెరికాలోని లెడర్లీ కంపెనీలో మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం, 1945లో. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. డబ్బులేని ఇల్లు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసు కాలేదు. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు ఈ సంగతి చెప్పండి. ఆయన బృందమే ఫోలిక్ ఆసిడ్ పనికి అడ్డుపడే మందులను కూడా తయారుచేసింది. వాటిలో మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కు నేటికీ వాడుతున్నారు.

ఆయన పరిశోధనలు నడిపిస్తున్న ఆ లెడర్లీ నుంచే 1948లో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ మందు వచ్చింది. ఆ జాతి మందులు పెరుగుతున్న ఎముకలోని కాల్షియానికి అతుక్కొని, అతినీలలోహిత కాంతిలో పసుపురంగులో వెలుగుతాయి. కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు మందు ఇచ్చి, తర్వాత ఎముక ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు వెలుగు గీతలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరమే ఆ రోజుల్లో ఎముక పెరిగిన లెక్క.

కండలోంచి వెలుగు బయటకు రావాలంటే

గాజుపలక మీద కణాలను మెరిపించడం ఒక ఎత్తు, మనిషి ఒంట్లో మెరిపించడం ఇంకో ఎత్తు. కరెంటు పోయినప్పుడు టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టి చూడండి. వేళ్ళన్నీ ఎర్రగా కనిపిస్తాయి. లైటు తెల్లది, మరి మిగతా రంగులు ఏమయ్యాయి? నీలం, ఆకుపచ్చ కాంతిని మన రక్తం, కండ మింగేస్తాయి. ఎరుపు మాత్రం కొంత దాటి బయటకు వస్తుంది.

ఎరుపు దాటాక ఉండే, కంటికి కనిపించని పరారుణ కాంతి ఇంకా బాగా దాటుతుంది. 700 నుంచి 900 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని రక్తమూ తక్కువగానే మింగుతుంది, నీరూ తక్కువగానే మింగుతుంది. ఒంట్లోకి ఇది ఒక కిటికీ లాంటిది. సైజునూ పదార్థాన్నీ సరిచూసుకొని, సరిగ్గా ఈ కిటికీలో వెలిగే చుక్కలను తయారుచేశారు. మన కంటికి కనిపించకపోయినా కెమెరాకు కనిపిస్తాయి.

రొమ్ము క్యాన్సర్ పాకేటప్పుడు సాధారణంగా ముందు చేరేది చంకలోని మొదటి శోషరస గ్రంథికి. ఆ గ్రంథిని తీసి పరీక్షిస్తే రోగం పాకిందా లేదా తెలుస్తుంది. ఇప్పుడు దాన్ని వెతకడానికి నీలిరంగు మందు, రేడియోధార్మిక పదార్థం వాడుతున్నారు. 2004లో బవెండి, జాన్ ఫ్రాంజియోనీల బృందం పంది ఒంట్లోకి పరారుణ చుక్కలు ఎక్కించి, చర్మం కింద ఒక సెంటీమీటరు లోతున ఉన్న అలాంటి గ్రంథిని ఆపరేషన్ జరుగుతుండగానే తెర మీద చూపించింది. కత్తి పెట్టకముందే ఎక్కడ కోయాలో డాక్టరుకు తెలిసిపోయింది. మావాడు వరండాలో కోరుకున్నది దాదాపు ఇదే.

మరి మనిషికి ఎందుకు వాడటం లేదు?

మేం ముగ్గురం ఆగిపోయిన చోటు ఇది. కాడ్మియం విషం. ఒకసారి ఒంట్లో చేరితే మూత్రపిండాల్లో, కాలేయంలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. జపానులో జింజు నది నీళ్ళలో గని నుంచి కాడ్మియం కలిసింది. ఆ నీళ్ళతో పండిన బియ్యం తిన్నవాళ్ళకు ఎముకలు పెళుసుబారి, దగ్గినా విరిగిపోయే రోగం వచ్చింది. నొప్పికి వాళ్ళు "ఇతాయ్, ఇతాయ్" అని ఏడ్చేవాళ్ళు. జపాను భాషలో నొప్పి, నొప్పి అని అర్థం. రోగానికి అదే పేరు పడింది. అది కాలుష్యం వల్ల వచ్చిన రోగమేనని జపాను ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

చుక్కల పై పొరలు దెబ్బతింటే లోపలి కాడ్మియం బయటకు కారి కాలేయ కణాలను చంపుతుందని 2004లో ప్రయోగాల్లో తేలింది. 2007లో ఇంకో సంగతి తెలిసింది. పూతతో సహా చుక్క సైజు 5.5 నానోమీటర్ల లోపు ఉంటే మూత్రం ద్వారా బయటకు పోతుంది. అంతకు మించితే ఒంట్లోనే ఎక్కువగా ఉండిపోతుంది. చిరునామా, పొరలు అన్నీ తగిలిస్తే చుక్క ఆ కొలత దాటిపోవడం మామూలే. 2012లో కోతుల మీద జరిగిన పరీక్షలో 90 రోజుల దాకా జబ్బు లక్షణాలేవీ కనిపించలేదు. కానీ ఎక్కించిన కాడ్మియంలో ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం, మూత్రపిండాల్లోనే మిగిలింది.

అందుకే కాడ్మియం చుక్కలను మనిషి ఒంట్లోకి ఎక్కించడానికి అనుమతి రాలేదు. ప్రయోగశాలల్లో ఒంటి నుంచి తీసిన ముక్కలను, పెంచిన కణాలను చూడటానికి మాత్రం వాడుతున్నారు. మొదట్లో మాకు నిరాశ కలిగింది. తర్వాత ఆలోచిస్తే అదే న్యాయమనిపించింది. పేదవాడి ఒంట్లోకైనా, ఉన్నవాడి ఒంట్లోకైనా పంపే ముందు "ఇది ఎంత బాగా వెలుగుతుంది" అని మాత్రమే అడిగితే చాలదు. "పని అయ్యాక ఇది బయటకు పోతుందా" అని కూడా అడగాలి. వెలుగు, చిరునామా, బయటకు పోయే దారి – ఈ మూడూ ఉంటేనే అది వైద్యం.

ఆ మూడింటి కోసమే ఇప్పుడు వెతుకులాట. కాడ్మియం లేని ఇండియం ఫాస్ఫైడ్ చుక్కలు ఒక దారి. 2004లో అనుకోకుండా దొరికిన కార్బన్ చుక్కలు ఇంకో దారి. వీటిని పెద్ద యంత్రాలు లేకుండా కూడా చేయవచ్చు. 2012లో మన దేశ శాస్త్రజ్ఞులు నారింజరసాన్ని మూసిన పాత్రలో వేడిచేసి కార్బన్ చుక్కలు తయారుచేసి, వాటితో కణాలను మెరిపించారు.

చుక్కలు ఆస్పత్రిదాకా రాకపోయినా, ఆ ఆలోచన మాత్రం వచ్చింది. 2021లో అమెరికా ప్రభుత్వం పాఫోలాసియానిన్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. అది పరారుణ కాంతిలో వెలిగే రంగు. దాని చిరునామా ఫోలిక్ ఆసిడ్‌ను పోలిన అణువు. అండాశయ క్యాన్సర్ ఆపరేషన్‌లో కంటికి దొరకని ముక్కలను అది చూపిస్తుంది. 2024 ఏప్రిల్‌లో పెగులిసియానిన్ అనే ఇంకో మందుకు అక్కడే అనుమతి వచ్చింది. అది రొమ్ములో గడ్డ తీసేశాక, ఆ గుంతలో ఇంకా క్యాన్సర్ కణాలు మిగిలి ఉంటే అక్కడికక్కడే మెరిపించి చూపేందుకు. దీని కంటికి కూడా అన్నీ దొరకవు. దొరికిన ప్రతి ఒక్కటీ మాత్రం ఒక అమ్మకు రెండో ఆపరేషన్ తప్పించవచ్చు.

చివరి మాట

పసుపు మెరుస్తుంది కాబట్టి పసుపు తింటే క్యాన్సర్ పోతుందని మేం చెప్పడం లేదు. దయచేసి ఎవరూ అలా అనుకోవద్దు. గడ్డ కనిపిస్తే ఆస్పత్రికే పోవాలి, ఆలస్యం చేయొద్దు. ఇంట్లో అమ్మలు, అక్కలు సిగ్గుపడి చెప్పరు. మీరే అడగండి.

మావాడి అమ్మకు రెండో ఆపరేషన్ తర్వాత మందులు పూర్తయ్యాయి. ఈ ఫిబ్రవరిలో ఆమె మళ్ళీ పసుపు కొమ్మును, గోళను వేరుచేసే పనికి వెళ్ళింది. ఒక సాయంత్రం మేం ఆ లైటు తీసుకొని వాళ్ళింటికి పోయాం. దీపం తీసేసి ఆమె చేతుల మీద లైటు వేస్తే, గోళ్ళ అంచుల్లో, అరచేతి గీతల్లో మిగిలిన పసుపు మెల్లగా మెరిసింది. ఆమె చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇన్నేండ్ల సంది ఈ చేతులతోనే చేస్తున్న, ఎన్నడు చూడకపోతి" అంది. తర్వాత కొడుకు వైపు చూసి, "లోపల ఉన్నది గూడ గిట్ల చూపెట్టేటిది వస్తదా బిడ్డా?" అని అడిగింది.

"వస్తున్నదమ్మా" అన్నాడు వాడు.

తమ్ముళ్ళూ, ఆ పని ఇంకా సగంలోనే ఉంది. విషం లేకుండా వెలిగి, సరైన కణాన్ని పట్టుకొని, పని కాగానే బయటకు పోయే చుక్క కోసం ప్రపంచమంతా వెతుకుతున్నారు. హబ్సిగూడలోని సీసీఎంబీ, తార్నాకలోని ఐఐసీటీ లాంటి పెద్ద ప్రయోగశాలలు మన హైదరాబాదులోనే ఉన్నాయి. సైన్సు పుస్తకంలో కాంతి పాఠం వచ్చినప్పుడు మార్కుల కోసమే చదవకండి. మన ఇండ్లలో ఎవరో ఒకరికి ఆ పాఠంతో పని పడుతుంది.

హాస్టల్ అన్నం తిని చదువుకున్న మీ అన్నలు.